బాండ్ పోయిన రోజు మేం గేట్లు తొందరపడి తీశాం

సినిమా బాగోలేదని లాబీలో ఎవరైనా గొడవకొస్తే ఫ్లోర్ మేనేజర్ నోట వచ్చే మాట ఒకటే: "సినిమా మేం తియ్యలేదు కదండీ." ఇరవై ఏళ్లుగా నేనూ అదే చెప్తున్నాను. 2021 సెప్టెంబర్ 30న, గురువారం మార్నింగ్ షో అయ్యాక, ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ రోజు విడుదలైంది నో టైమ్ టు డై, డేనియల్ క్రెయిగ్ చివరి బాండ్ సినిమా. ఈ లైన్‌లో కొత్తగా చేరే కుర్రాళ్లకి ఈ కేసు నోటితో చాలాసార్లు చెప్పాను. ఒకసారి వివరంగా రాసి పెడితే నయం అనిపించింది.

థియేటర్ విశాఖపట్నంలోనే. పేరు, ఏరియా రాయను. జరిగిన తప్పులో నాదే పెద్ద వాటా కాబట్టి మిగతావాళ్ల పేర్లు కూడా అనవసరం. సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, కథ చివర ఏమవుతుందో చెప్పకుండా ఈ కేసు చెప్పలేను.

ముందు అప్పటి పరిస్థితి. ఆ సినిమా 2020 ఏప్రిల్‌లో రావాలి. మార్చిలో వాయిదా అన్నారు, ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, తర్వాత ఇంకో రెండు వాయిదాలు. బయటి అద్దాల పెట్టెలో మేం పెట్టిన పోస్టర్ ఏడాదిన్నర అలాగే ఉండిపోయింది. సముద్రపు గాలికి పెట్టె మేకులు తుప్పు పట్టాయి, ఎండకి క్రెయిగ్ కోటు నలుపు కాస్తా బూడిద రంగుకి తిరిగింది. తాళం తీసి దాన్ని మార్చే మనిషి కూడా లేడు. థియేటర్లు తెరుచుకున్నాక కూడా సగం సీట్లకే అనుమతి. సీటు విడిచి సీటుకి ఇంటూ గుర్తుతో టేపు. రాత్రి కర్ఫ్యూ వల్ల సెకండ్ షో లేదు, రోజుకి మూడు ఆటలే. పైగా విడుదలకి నాలుగు రోజుల ముందు, 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. 27న విశాఖలో కురిసిన వానకి ఊరు ఊరంతా చెరువైంది. మా పార్కింగ్‌లో నీళ్లు బుధవారం దాకా తోడాం.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, టైము లెక్క అర్థం కావాలి. సినిమా నిడివి 163 నిమిషాలు, బాండ్ సినిమాలన్నిట్లోకీ ఇదే పొడుగు. దానికి మనం పెట్టే ఇంటర్వెల్, ముందు స్లైడ్లు, యాడ్లు కలిపితే మూడు గంటలు దాటుతుంది. ఆటకీ ఆటకీ మధ్య హాలు ఊడ్చి, సీట్లకి శానిటైజర్ కొట్టి, వచ్చేవాళ్లకి టెంపరేచర్ చూసి లోపలికి పంపాలి. అన్నిటికీ కలిపి మా చేతిలో ఇరవై నిమిషాలు. బుధవారం రాత్రి ఆపరేటర్‌నీ గేట్‌మెన్‌నీ కూర్చోబెట్టి నేనే చెప్పాను: క్లైమాక్స్ ఫైటు అవగానే గేట్లు తీసెయ్యండి, రోలింగ్ టైటిల్స్ పడగానే లైట్లు వేసి సౌండ్ కట్ చెయ్యండి. తెలుగు సినిమాకి ఎప్పుడూ చేసేది అదే. మనవాళ్లు శుభం కార్డు పడకముందే లేచి చెప్పులు వెతుక్కునే రకం. విలన్ పడిపోయాడంటే సినిమా అయిపోయినట్టే. ఇంగ్లీషు సినిమాకైతే మాత్రం వేరేలా ఎందుకు చెయ్యాలన్నది అప్పటికి నా ఆలోచన.

మార్నింగ్ షో ఇంగ్లీషు, మ్యాట్నీ తెలుగు, ఫస్ట్ షో మళ్లీ ఇంగ్లీషు.

మార్నింగ్ షోకి వచ్చినవాళ్లు నాలుగు రకాలు. యూనివర్సిటీ, ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ఒక జట్టు. ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చిన ముప్పై, ముప్పై అయిదేళ్ల వాళ్లు ఇంకో జట్టు. వీళ్లు క్రెయిగ్ మొదటి బాండ్ సినిమా 2006లో చూసినప్పుడు ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉండుంటారు. మూడోది రిటైరైన పెద్దవాళ్లు, పోర్టు, షిప్‌యార్డ్, బ్యాంకులు. వీళ్లకి బాండ్ అంటే రోజర్ మూర్, అంతకుముందు షాన్ కానరీ. నాలుగోది నేవీ కుటుంబాలు. తూర్పు నౌకాదళం కేంద్రం మన ఊళ్లోనే కదా, ఇంగ్లీషు సినిమాకి ఏ థియేటర్లోనైనా ఆ జుట్టు కటింగు పది తలలైనా కనిపిస్తుంది.

మొదట్లో అంతా పండగే. తెల్లటి వలయంలోకి బాండ్ నడిచొచ్చి తిరిగి కాల్చగానే విజిల్స్. సీటు విడిచి సీటు కూర్చోవడం వల్ల ఆ విజిల్స్ ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించాయి. నిండిన హాలులో వచ్చే హోరు వేరు. క్యూబా సీనులో నటి ఆనా డి ఆర్మాస్ వచ్చిన కాసేపూ ఆ హోరు దాదాపు వచ్చింది. తర్వాత సినిమా నెమ్మదించింది, నేనూ లాబీలోకి వచ్చేశాను.

చివరి పావుగంట మళ్లీ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా: విలన్ దీవిని పేల్చేయడానికి బ్రిటిష్ యుద్ధనౌక నుంచి క్షిపణులు బయల్దేరతాయి. అవి లోపలికి దూసుకెళ్లాలంటే దీవి మీది ఇనుప తలుపులు తెరిచి ఉండాలి. బాండ్ తెరుస్తాడు, విలన్ మళ్లీ మూయిస్తాడు, బాండ్ వెనక్కి వెళ్తాడు. అక్కడ బుల్లెట్లు తగులుతాయి. అదొక్కటే అయితే ఈడ్చుకుంటూ బయటపడేవాడేమో. విలన్ అతని మొహం మీద ఒక చిన్న గాజు గొట్టం పగలగొడతాడు. అందులోది ఒంటికి అంటుకుంటే ఇక జన్మలో పోదు. తను ముట్టుకుంటే తను ప్రేమించిన ఆవిడా, తన కూతురూ చనిపోతారు. అందుకే తలుపులు తెరిచి, పైకెక్కి నిలబడి, క్షిపణులు వచ్చేదాకా ఆవిడతో రేడియోలో మాట్లాడతాడు. 1962లో వచ్చిన మొదటి సినిమా నుంచి ఇది 25వది, అంతకుముందు అయిదుగురు నటులు ఆ వేషం వేశారు. ఈ వరస సినిమాల్లో బాండ్ నిజంగా చనిపోవడం ఇదే మొదలు.

పేలుడు అయింది. హాలంతా ఒక్క క్షణం చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం నేను చెవులారా విన్నాను. అంతలో ఎడమవైపు గేటు గొళ్లెం టక్‌మని తీసిన చప్పుడు.

మా గేట్‌మ్యాన్ తప్పు చెయ్యలేదు, నేను చెప్పిందే చేశాడు. గేటు తెరుచుకుంది, మధ్యాహ్నం రెండు గంటల వెలుతురు తెర మీద పడింది. వాన వెలిసిన మర్నాటి ఎండ మహా తీవ్రంగా ఉంటుంది. సినిమాలో ఇంకా రెండు సీన్లు ఉన్నాయి. ఆఫీసులో అందరూ తలో గ్లాసు పట్టుకుని అతన్ని తలుచుకునేది ఒకటి. కారు నడుపుతూ ఆ తల్లి కూతురికి "నీకొక కథ చెప్తాను" అని అతని పేరు చెప్పేది రెండోది. ఆ రెండూ ఎడమవైపు సీట్లవాళ్లకి తెల్లటి బట్ట మీద నీడల్లా కనబడ్డాయి. కారు సొరంగంలోకి వెళ్లింది, టైటిల్స్ మొదలయ్యాయి, ఒక పాత పాట ఎత్తుకుంది. రెండు లైన్లు కూడా పూర్తి కాలేదు, ఆపరేటర్ సౌండ్ కట్ చేసి లైట్లన్నీ వేశాడు.

తర్వాత లాబీలో జరిగినదంతా రాస్తే పుస్తకమవుతుంది. ముఖ్యమైనవి చెప్తాను.

కాలేజీ కుర్రాళ్లలో ఒకడు బయటికొస్తూనే ఫోనులో గట్టిగా "అరేయ్, చంపేశార్రా!" అన్నాడు. అప్పటికే మ్యాట్నీ జనం, వాన మళ్లీ పడుతుందేమోనని, పోర్టికో కింద క్యూ కట్టి ఉన్నారు. మా బయటికొచ్చే దారి, లోపలికెళ్లే దారి ఆ పోర్టికో దగ్గర కలుస్తాయి. క్యూలో ఉన్నతను, గాజువాక నుంచి నలుగురు స్నేహితులతో వచ్చాడట, కుర్రాడి కాలర్ పట్టుకున్నాడు. "టికెట్టు కొన్నాను బే, ఇంకా సూడ్నేదు!" మాస్కులు కిందికి జారిపోయాయి, నేనూ సెక్యూరిటీ అతనూ మధ్యలో దూరాం. చివరికి కుర్రాడు సారీ చెప్పాడు. గాజువాక అతను మాత్రం మ్యాట్నీ అంతా చేతులు కట్టుకుని కూర్చున్నాడని గేట్‌మ్యాన్ తర్వాత చెప్పాడు.

ఇంకొకాయన బుకింగ్ కిటికీ దగ్గరికెళ్లి డబ్బులు వాపసు అడిగాడు. "హీరో సచ్చిపోతాడని పోస్టర్ మీద రాయాలి కదా బావూ. మూడు గంటలు కూకోబెట్టి సంపీసినారు, ఏటిది?" బుకింగ్ క్లర్కు నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది. ఆయన కోపం నిజం.

నేవీ కటింగు ఉన్న ఒకతను భార్యతో పార్కింగ్ వైపు వెళ్తూ ఆగి నన్ను అడిగిన ప్రశ్న వేరు. క్షిపణులు వదిలాక కాసేపు ఆపలేరా అని పక్కన కుర్రాళ్లు వాదించుకుంటుంటే విన్నాడట. వాళ్ల మాటకి నవ్వుకున్నాడు. తనకి బాధనిపించింది మాత్రం ఆ ఆఫీసు సీను సరిగ్గా కనబడకపోవడం. "గ్లాసులు పట్టుకుని ఒకాయన ఏదో చదివాడు కదా, అది నాకు వినాలని ఉండింది సార్. మీ గేటు తీశారు." అంతే, కోపంగా కూడా అనలేదు. విధి నిర్వహణలో మనిషి పోతే వెనక ఉన్నవాళ్లు ఏం చేస్తారో తెలిసిన మనిషికి ఆ సీను ఎందుకు కావాలో నాకు ఆ రాత్రి ఇంటికెళ్లాక తట్టింది.

అందరికంటే ఆఖరున వచ్చినాయన వల్లే ఇది నాకు కేసుగా మారింది. డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. కూతురు చెయ్యి పట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారట. ఎవరో టీచర్ అనుకుని "రండి మాస్టారూ" అన్నాను, ఆయన సరిదిద్దలేదు.

"హీరోని చంపేశారని కంప్లయింటా సార్?" అన్నాను, అప్పటికే పదిమంది అదే చెప్పి ఉన్నారు కాబట్టి.

"వాళ్ల హీరో, వాళ్లిష్టం. పాట ఎందుకు ఆపేశారు బాబూ?"

నాకు అర్థం కాలేదు. ఆయన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. అది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాట. 1969లో వచ్చిన బాండ్ సినిమాలోది. అందులో బాండ్‌గా వేసినది జార్జ్ లాజెన్‌బీ, ఆ ఒక్క సినిమాయే వేశాడు. ఆ కథలో బాండ్ పెళ్లి చేసుకుంటాడు, పెళ్లయిన వెంటనే కారులో వెళ్తుంటే భార్యని కాల్చేస్తారు. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, తొందరేం లేదు, మనకి కావలసినంత టైముంది అంటాడు. ఆ పాట కూడా అదే మాటతో ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత ఈ సినిమా మొదట్లో, ఇటలీలో కొండదారి మీద కారులో వెళ్తూ, ఈ బాండ్ కూడా అదే మాట అంటాడు. "అప్పుడామె పోయింది, వీడు మిగిలాడు. ఇప్పుడు వీడు పోయాడు, ఆమె మిగిలింది. ఆ పాట వేసి ఆ లెక్క సరిచేశారు. దాన్ని మీరు రెండు లైన్లకే కట్ చేశారు."

కూతురు "పద నాన్నా, ఆయనకేం తెలుసు" అంది. ఆ మాట నాకు బాగానే తగిలింది.

వెళ్లేముందు ఇంకో మాటన్నారు. మూర్ రోజుల్లో బాండ్‌కి టై కూడా నలిగేది కాదు, వీడు మాత్రం ప్రతి సినిమాలోనూ నెత్తురోడుతూనే ఉన్నాడు, ఇలాగే పోతాడని తనకి ముందే అనిపించిందని. క్రెయిగ్ కూడా తర్వాత ఇంటర్వ్యూల్లో, 2006లో మొదటి సినిమా అయినప్పుడే చివర్లో ఈ పాత్రని చంపెయ్యొచ్చా అని నిర్మాత బార్బరా బ్రొకోలిని అడిగానని, ఆవిడ సరే అందని చెప్పాడు. మాస్టారికి ఆ సంగతి ఆ రోజు తెలిసే అవకాశం లేదు. చూసి కనిపెట్టారు.

అప్పటికి మ్యాట్నీ నడుస్తోంది. దాని ముగింపుకి ఏం చెయ్యాలో ఆలోచించుకునే టైము లేక, గేటు మాత్రం ఆపించగలిగాను. పాట మళ్లీ కట్ అయింది, ఆపరేటర్‌కి నా మాట అందలేదు. తెలుగు షోలో వచ్చిన జనం వేరు, వాళ్ల గొడవా వేరు. ఎక్కువమంది అడిగింది "ఎందుకు తప్పించుకోలేదు?" అని. ఆ గాజు గొట్టం ముక్క చాలామందికి పట్టలేదు. డబ్బింగ్‌లో ఆ మాట వేగంగా వెళ్లిపోయింది, పైగా ఆ టైములో ఎవరిదో ఫోన్ మోగింది. కారణం పట్టినవాళ్లు బాధగా ఉన్నారు, పట్టనివాళ్లు కోపంగా ఉన్నారు. ఇది నేను ఆ తర్వాత రోజుల్లో కూడా గమనించాను. ఎవరైనా గట్టిగా అరుస్తుంటే, ఆ గొట్టం సంగతి చెప్పి చూసేవాణ్ని. సగంమంది "ఓహో, అదా" అని గొంతు తగ్గించేవాళ్లు. మిగతా సగం "అయినా సరే" అనేవాళ్లు.

మ్యాట్నీలో ఇద్దరు పిల్లలతో వచ్చిన ఒకావిడ అన్నది మరిచిపోలేను. "కూతురి బొమ్మ ఒకటి దొరికింది కదండీ, దాన్ని భుజం పట్టీకి దోపుకున్నాడు. చివరిదాకా అది అక్కడే ఉంది, చూశారా?" నేను చూడలేదు. మర్నాడు చూశాను, ఉంది. విజిల్స్ వేసిన మగాళ్లలో ఒక్కరూ ఆ బొమ్మ గురించి మాట్లాడలేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. చావు మన ప్రేక్షకుడికి కొత్తా అంటే కాదు. దేవదాసు పోయాడు, జనం పాటలు పాడుకున్నారు. 1978లో మన విశాఖ తీరంలోనే తీసిన మరో చరిత్రలో ఇద్దరూ పోతారు, ఆ సినిమా ఎంత ఆడిందో పాతవాళ్లని అడగండి. కానీ వాళ్లు ప్రేమికులు. గూఢచారి లెక్క వేరు. 1966లో కృష్ణ గూఢచారి 116గా వచ్చిన దగ్గర్నుంచి, అద్దె లైబ్రరీల్లో షాడో అనే గూఢచారి నవలలు నలిగిపోయేదాకా చదివిన తరం వరకూ, ఏజెంటు అంటే చావుని బురిడీ కొట్టించేవాడు. చావడం ఆ ఉద్యోగంలో లేదు. వాపసు అడిగినాయన చెప్పింది కూడా అదే, ఆయన భాషలో.

గురువారం రాత్రి ఆపరేటర్‌తో బూత్‌లో కూర్చున్నాను. డిజిటల్ వచ్చాక లైట్లు, సౌండు, మాస్కింగ్ (తెర అంచుల నల్ల పరదాలు) అన్నీ సర్వర్ ప్లేలిస్ట్‌లో క్యూలుగా, అంటే ఏది ఏ క్షణానికి దానంతటదే జరగాలో ముందే, పెట్టుకోవచ్చని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఏ గంటా నిమిషం సెకనుకి టైటిల్స్ మొదలవుతాయో, ఏ క్షణం నుంచి అక్షరాలు పైకి కదులుతాయో సినిమాతో వచ్చే వివరాల్లోనే ఉంటుంది. కానీ మేం ఎప్పుడూ దాని జోలికి పోలేదు. ఆపరేటర్ చేత్తోనే స్విచ్ వేసేవాడు, జనం లేచినప్పుడు. "అందరూ లేస్తే అయిపోయినట్టే కదా సార్" అన్నాడు. పాతిక సంవత్సరాల అనుభవం అది, కాదనలేను. గేట్‌మ్యాన్ జనాన్ని చూసి గేటు తీస్తాడు, గేటు చూసి మిగతా జనం లేస్తారు, జనం లేవడం చూసి ఆపరేటర్ లైటు వేస్తాడు. ఈ ముగ్గురిలో ఎవరూ తెర వైపు చూడరు.

పాట పూర్తయిన దగ్గర సగం లైట్లకి క్యూ పెట్టాం, మొత్తం టైటిల్స్ అయ్యాక పూర్తి లైట్లకి ఇంకోటి. గేట్లు సగం లైట్లు పడ్డాకే. బయటికి వెళ్లే జనాన్ని పోర్టికో వైపు కాకుండా పక్కన స్కూటర్ స్టాండ్ గేటు నుంచి పంపాం, తర్వాతి షో క్యూకి వాళ్ల మాటలు వినబడకుండా. ఈ రెండోది చాలా సులువైన పని, మొదటి రోజే చేసి ఉండాల్సింది, దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

శుక్రవారం నేనింకో తప్పు చేశాను. టైటిల్స్ చివర "జేమ్స్ బాండ్ మళ్లీ వస్తాడు" అన్న లైను పడుతుంది, బాండ్ సినిమాల్లో అది పాత ఆనవాయితీ. ఆ ముక్క చూస్తే జనం కాస్త చల్లబడతారు కదా అని, గేట్‌మెన్‌తో చెప్పించాను: "ఉండండి, చివర్లో ఒకటుంది." మంచి ఉద్దేశమే. కానీ సూపర్ హీరో సినిమాలు చూసి చూసి, టైటిల్స్ తర్వాత "ఒకటుంది" అంటే మన కుర్రాళ్లకి ఒక సీను అని అర్థం. బాండ్ బతికే ఉన్నాడని చూపిస్తారని కూర్చున్నారు. అన్ని నిమిషాలూ కూర్చున్నాక నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు మాటలు. "దీనికా అన్నా కూర్చోబెట్టావ్?" గురువారం కంటే శుక్రవారం మార్నింగ్ షో లాబీయే ఎక్కువ వేడెక్కింది. పైగా ఒకడు, "చచ్చిపోతే మళ్లీ ఎలా వస్తాడు?" అని నన్ను నిలదీశాడు. దానికి జవాబు నా దగ్గర లేదు, అప్పటికి ఆ నిర్మాతల దగ్గరా లేదు.

శుక్రవారం ఫస్ట్ షో నుంచి ఎవరికీ ఏమీ చెప్పడం మానేశాం. లైట్లు తగ్గించే ఉంచాం, పాట పూర్తిగా వినిపించాం, గేట్లు మూసే ఉంచాం, కానీ ఎవరైనా వచ్చి తోస్తే తీశాం. అంతే.

ఏం మారిందంటే, నేను లెక్కలు రాయలేదు, లాబీలో నిలబడి చూసినదే చెప్తున్నాను. చాలామంది పాట మొదలవగానే లేచారు, అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ లేచి నడవకుండా నిలబడిపోయేవాళ్లు. గేటు మూసి ఉండటం వల్ల తోసుకునే పని లేదు, చీకటి వల్ల ఒకరి మొహం ఒకరికి కనిపించే పని లేదు. మాస్కుల్లో ఎటూ కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఒకతను, ముప్పై అయిదు ఉంటాయేమో, మధ్య వరసలో కూర్చుండిపోయాడు. నిద్రపోయాడనుకుని స్వీపర్ అప్పలమ్మ వెళ్లి తట్టింది. లేచి, కళ్లజోడు తుడుచుకుని, "ఇంటర్ సెకండియర్‌లో చూశాను ఇతని మొదటి సినిమా" అని ఆమెకి చెప్పాడట. ఆమె ఏమనాలో తెలియక "అవును బాబూ" అందట. ఈ పేరు నేను పెట్టిందే, కానీ మాట మాత్రం ఆమె నాకు చెప్పిందే.

బయటికొచ్చాక తిట్టేవాళ్లు అప్పుడూ తిట్టారు. విలన్ బలంగా లేడని, బాండ్ 007 నంబరు ఇంకో అమ్మాయికి ఇచ్చేశారని, మూడు గంటలేమిటని. అవి సినిమా మీద తిట్లు, సినిమావాళ్లే పడాలి. కానీ "మోసం చేశారు", "డబ్బులివ్వండి" అన్న గొంతు బాగా తగ్గింది. నా అభిప్రాయంలో గురువారం వచ్చిన కోపంలో కొంత భాగం బాండ్ చావు మీద కాదు. చనిపోయిన మనిషి ఇంట్లో ఇంకా ఏడుపు మొదలవకముందే "పదండి పదండి, టైమైంది" అని బయటికి గెంటినట్టు మేం చేశాం, దాని మీద.

దీనికి అడ్డం చెప్పేవాళ్లు మా దగ్గరే ఉన్నారు. మా ఓనర్ గారన్నది: మొదటి రోజు వచ్చేది వీరాభిమానులు, మూడో రోజు వచ్చేది కుటుంబాలు, శనివారం నాటికి బాండ్ చనిపోతాడన్న సంగతి ఊరంతా తెలిసిపోయింది, తెలిసి వచ్చినవాడికి షాక్ ఎందుకుంటుంది, నీ లైట్ల వల్ల ఏమీ కాలేదు. ఆ మాటలో నిజం ఉంది. దాన్ని తేల్చాలంటే ఒకే రోజు రెండు హాళ్లలో రెండు రకాలుగా నడిపి చూడాలి, మాకున్నది ఒక్క తెరే. నేను చెప్పగలిగింది, శుక్రవారం మార్నింగ్‌కీ ఫస్ట్ షోకీ వచ్చిన జనం దాదాపు ఒకే రకం, రెండూ ఇంగ్లీషే. ఆ రెండు లాబీలకి పోలికే లేదు. అందులో నా "చివర్లో ఒకటుంది" పాపం ఎంత, చీకటి పుణ్యం ఎంత అంటే విడదీయలేను.

ఖర్చు సంగతీ రాయాలి. పాట, టైటిల్స్ నడిపినంతసేపూ ఊడ్చేవాళ్లు లోపలికి వెళ్లలేరు. వాళ్ల ఇరవై నిమిషాలు పన్నెండుకి పడిపోయాయి. ముగ్గురు ఆడవాళ్లు, సగం సీట్లే నిండినా హాలంతా శానిటైజర్ కొట్టాలి. మొదటి రెండు రోజులూ వాళ్లు నన్ను ఏమీ అనలేదు, మూడో రోజు పెద్దావిడ చీపురు గోడకి ఆనించి "మీ పాటొచ్చి మా నడుము మీద పడింది బాబూ" అంది. అప్పుడు సినిమాకి ముందు వేసే స్లైడ్లలో సగం ఎత్తేశాం. స్లైడ్ల డబ్బు వచ్చే దుకాణాలవాళ్లు ఫోన్ చేశారు, ఓనర్ గారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇలాంటిది ఎవరైనా చెయ్యాలనుకుంటే, ముందు స్వీపర్లతో కూర్చుని టైము లెక్క వేసుకోండి. నేను ఆపరేటర్‌తో కూర్చున్నాను, వాళ్లతో కూర్చోలేదు.

మాస్టారు రెండో వారంలో మళ్లీ వచ్చారు, ఈసారి ఒక్కరే. పాట పూర్తిగా విన్నారో లేదో నాకు తెలియదు, ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. బుకింగ్ క్లర్కు చెప్పాడు, వెళ్తూ వెళ్తూ "మీ మేనేజర్‌కి చెప్పండి" అన్నారట. ఏం చెప్పాలో చెప్పకుండానే ఆటో ఎక్కేశారట.

ఇప్పుడు వేరే చోట పనిచేస్తున్నాను. 2025 మే 17న మిషన్ ఇంపాజిబుల్ ఎనిమిదోది వచ్చింది. అమెరికా కంటే ఆరు రోజుల ముందే మనకి వేశారు. 1996 నుంచి నడుస్తున్న కథ, పేరులోనే ఆఖరిదన్న సూచన ఉంది, కాబట్టి జనం టామ్ క్రూజ్ పోతాడేమోనని బిక్కుబిక్కుమంటూనే వచ్చారు. ఇదీ దాదాపు మూడు గంటలే. విడుదల రోజు పొద్దున్న ఆపరేటర్‌కి పాత కేసంతా చెప్పి, టైటిల్స్‌కి క్యూలు పెట్టమన్నాను. కుర్రాడు, తెలివైనవాడు, సినిమా అప్పటికే టెస్ట్ వేసి చూశాడు.

"ఇందులో హీరో బతికే ఉన్నాడు కదా సార్. లైట్లు తొందరగా వేసెయ్యొచ్చా?"

వద్దన్నాను, మ్యూజిక్ ఒకసారి పూర్తిగా పోనీ అన్నాను. అలాగే చేశాడు. హీరో బతికాడని తేలగానే హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, ఆ వెంటనే అందరూ లేచి, ఆ చీకట్లోనే ఫోన్ టార్చిలు వేసుకుని, గేటు మీద చేత్తో కొట్టడం మొదలుపెట్టారు. గేట్‌మ్యాన్ నావైపు చూశాడు. తియ్యమని చెయ్యి ఊపాను.